నాబ్ కింది కుంకుమ

వీరబ్రహ్మం షాపుకు బోర్డు లేదు. సామర్లకోట స్టేషన్ రోడ్డులో, టీ కొట్టుకీ సైకిల్ షాపుకీ మధ్య ఒక ఇరుకు గది. ముప్పై ఏడేళ్లుగా అందులోనే కూర్చున్నాడు. మొదట రేడియోలు వచ్చేవి. తర్వాత టేప్ రికార్డర్లు, ఆ తర్వాత ఆర్కెస్ట్రా వాళ్ల కీబోర్డులు. ఇప్పుడు ఎక్కువగా మిక్సీలు.

వస్తువు ఏదైనా అతని పద్ధతి ఒకటే. మరలు విప్పుతాడు. నోటితో గట్టిగా ఒకసారి ఊదుతాడు. బ్రష్‌తో మూలమూలా తుడుస్తాడు. జబ్బేంటో చూడడం ఆ తర్వాతే. అతని బల్ల మీద నుంచి ఏదీ మురికితో వెళ్లదు. ఎవరూ అడగని పని అది. అతనికి ఇష్టమైన పని కూడా అదే.

వస్తువుల లోపల తరచు కుంకుమ దొరుకుతుంది. దసరాకి మిషన్లన్నిటికీ పసుపు రాసి బొట్లు పెడతారు. ఆ పొడి ఏడాది పొడుగునా సందుల్లోంచి కిందికి దిగుతుంది. మిగతా దుమ్ము చీపురుకి పోతుంది. కుంకుమ మాత్రం కాగితంలో మడిచి ఇంటికి తీసుకెళతాడు. భార్య లోవలక్ష్మి శుక్రవారం పొద్దున తలస్నానం చేసి దాన్ని మందార మొక్క మొదట్లో పోస్తుంది. కుంకుమ కాలి కింద పడకూడదు. ఆ పొట్లం ఇవ్వడం మరిచిపోయి ఇంటికి వెళితే ఆమె అన్నం వడ్డించదు.

కార్తీకంలో ఒక సోమవారం కౌముది అనే లెక్చరర్ ఒక పాత సింథసైజర్ తెచ్చింది. కాకినాడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పెట్టె చూడ్డానికి కీబోర్డులాగే ఉంది గాని, నొక్కే మెట్ల పైన ఇరవై దాకా తిప్పే నాబులున్నాయి. ప్రతి నాబు నెత్తిన ఎండిపోయిన బొట్టు. రాజమండ్రిలో మూతబడిన ఒక ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర కొన్నానని చెప్పింది. ఒక మెట్టు పలకడం లేదు, అదొక్కటి చూస్తే చాలంది. బుధవారం తీసుకెళ్లింది.

గురువారం సాయంత్రం పెట్టెతో సహా తిరిగొచ్చింది. కోపంగా లేదు. ఏదో పారేసుకుని వెతుక్కుంటున్న మనిషిలా ఉంది.

“బ్రహ్మంగారూ, లోపల ఏదన్నా పార్టు మార్చేరా?”

మార్చలేదన్నాడు. మెట్టు కింద రబ్బరు అరిగితే సర్దానని, దానితోపాటు అంతా శుభ్రంగా తుడిచేనని, నాబులన్నీ ఊడదీసి స్ప్రే కొట్టేనని, కొత్తదానిలా ఉంటుందని చెప్పాడు. చెబుతున్నప్పుడు అతని గొంతులో కొంచెం గర్వం ఉంది.

ఆమె పెట్టెను బల్ల మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా సంగతి చెప్పింది. రెండేళ్లుగా ఆమె ఒక ఆల్బమ్ చేస్తోంది. దాన్ని సైకడెలిక్ ట్రాన్స్ అంటారు. ముప్పై ఏళ్ల కిందట గోవా సముద్రపొడ్డున మోగిన సంగీతం. ఆ పాత పద్ధతిలో, రాగం మీద రాగం అల్లుకుంటూ చేసేవాళ్లు ఇప్పుడు తక్కువ. మొత్తం ఎనిమిది పాటలు. ఏడు అయిపోయాయి. పోర్చుగల్‌లో ఒక చిన్న కంపెనీ విడుదల చేస్తానంది, ఆదివారం లోపు ఎనిమిదోది పంపాలి. ఏడింటిలోనూ రాగాన్ని మోసిన గొంతు ఒకటుంది. ఎనిమిదోదానిలో అది ఒంటరిగా పాడాలి. నిన్నటి నుంచి అది లేదు.

“పాడేదెవరండి?” అని అడిగాడు.

“ఎవరూ లేరండి. ఈ పెట్టే పాడుతుంది.”

అతనికి అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని విప్పకుండా వదిలిపెట్టడం అతనికి చేతకాదు. ఆ ఏడూ తన ఫోన్‌లోకి పంపమన్నాడు. పెట్టెను బల్ల మీదే ఉంచి పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నాడు.

ఆమె వెళ్లాక షట్టరు సగం దించి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. మొదటి రెండు నిమిషాలు ఏమీ దొరకలేదు. ఒకే దెబ్బ, ఆగకుండా. గూడ్సు బండి స్టేషన్లో నిలవకుండా వెళ్లిపోతున్నప్పుడు కాళ్ల కింద నేల కొట్టుకున్నట్టుంది. తీసేద్దామనుకున్నాడు. అంతలో ఆ దెబ్బ మీదికి సన్నటి రాగం ఒకటి వచ్చింది. లెక్కపెట్టాడు. పదహారు స్వరాలు. మళ్లీ అవే పదహారు. మూడో చుట్టులో ఒక్క స్వరం మారింది. అయిదో చుట్టులో మరొకటి. దాని కింద ఇంకో రాగం ఎప్పుడు మొదలైందో అతను గమనించనేలేదు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. ఈసారీ ఆ చోటు దొరకలేదు.

బయట టీ కొట్టువాడు గ్లాసు పెట్టి వెళ్లాడు. టీ చల్లారిపోయింది.

నాలుగోదానిలో ఆ గొంతు విడిగా వినబడింది. కింద నుంచి లేస్తూ, ఒకచోట తడబడి, గీరుకుని, ఉన్నట్టుండి విచ్చుకుంది. గొంతుకు ఏదో అడ్డం పడ్డా పాట ఆపని మనిషిలా. మళ్లీ లేచింది. మళ్లీ అక్కడే తడబడింది. ప్రతిసారీ అక్కడే.

వీరబ్రహ్మం ఇయర్‌ఫోన్స్ తీసేశాడు. ఆ తడబాటు అతనికి తెలుసు. వాల్యూమ్ కంట్రోల్లో మురికి చేరిన రేడియో అలాగే గీరుకుంటుంది. ముప్పై ఏడేళ్లుగా అతను పోగొడుతున్నది దాన్నే. మంగళవారం నాడు ఎడమ నుంచి మూడో నాబు కింద నల్లబడిన ముద్ద కనిపించింది. పదిహేను దసరాల పసుపూ కుంకుమా జిడ్డుతో కలిసి గట్టిపడింది. పుల్లతో గీకి తీశాడు. తీశాక చాలా హాయిగా అనిపించింది కూడా.

శుక్రవారం కౌముది చెప్పిన టైముకే వచ్చింది. పార్టు పాడైందనో, వయసైందనో అనేస్తే సరిపోయేది. ఆమె నమ్మేది.

“మీ గొంతుని నేనే తుడిచేసేనండి. అది కుంకుమ” అన్నాడు.

ఆమె నవ్వలేదు. ఫిజిక్స్ చెప్పే మనిషి, ఇన్నాళ్లూ అది సర్క్యూట్ లక్షణం అనుకున్నానంది. తర్వాత అడిగింది: “మళ్లీ వేస్తే?”

అతను దేవుడి పటం ముందున్న భరిణె తెచ్చాడు. నాబు ఊడదీసి, చిటికెడు లోపల రాల్చి, తిప్పమన్నాడు. సర్రుమంది, అంతే. రేకు మీద వాన కురిసినట్టు. తడబాటు లేదు, విచ్చుకోవడం లేదు. కొంచెం తుడిచారు, మళ్లీ వేశారు. వానే. కొత్త కుంకుమ పొడిపొడిగా ఉంది. అంటుకోదు, అడ్డం పడదు.

అప్పుడు అతనికి ఆ రోజు శుక్రవారమని గుర్తొచ్చింది. ఫోన్ తీశాడు.

“ఆ పొట్లం పోసేసేవా?”

“తలస్నానం ఇప్పుడే అయ్యింది. ఏంటండీ ఆ కంగారు?” అంది లోవలక్ష్మి.

“పొయ్యకు. పట్టుకురా.”

పది నిమిషాలకు తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. పొట్లం చేతికివ్వలేదు, ముందు కథంతా చెప్పమంది. విన్నది. పెట్టెనూ, కౌముదినీ, మొగుణ్ణీ వరసగా చూసింది.

“బాగుచెయ్యడానికి మెకానిక్ కావాలి, సరే. పాడుచెయ్యడానికీ మెకానిక్కేనా?” అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది. “దేవుడి పనికి తీసింది. నేల మీద ఒక్క రవ్వ పడినా ఒప్పుకోను.”

అతను కింద పేపరు పరిచాడు. పొట్లంలోంచి నువ్వుగింజంత తుంపి, పుల్ల కొసకి అంటించి, నాబు మూడు వంతులు తిరిగే చోట పెట్టాడు. కౌముది ఒక మెట్టు నొక్కి పట్టుకుని నాబు తిప్పింది. గొంతు అక్కడికొచ్చి పూర్తిగా మూగబోయింది. ఎక్కువైంది. సగం తీశాడు. ఈసారి తడబడింది గాని విచ్చుకోలేదు. కొంచెం వెనక్కి జరిపాడు. అతను ఇంతకుముందు ఎప్పుడూ ఏ వస్తువునూ ఇలా చూడలేదు. ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది అని కాదు, ఎలా ఆగితే బాగుంటుంది అని.

ఆరోసారి కింద నుంచి లేచింది. తడబడింది. గీరుకుంది. విచ్చుకుంది.

లోవలక్ష్మి తువ్వాలు సర్దుకోవడం ఆపింది.

కౌముది కళ్లు మూసుకుని మళ్లీ తిప్పింది. “అదే కాదండి” అంది. ఇంకోసారి తిప్పింది. “దాని చెల్లెలు. పర్వాలేదు, ఇది పాడుతుంది.”

ఇంటిదాకా మోసుకెళితే ఆ ముద్ద జరిగిపోవచ్చు. అక్కడే రికార్డు చేస్తానని ల్యాప్‌టాప్ తీసింది. కాలేజీకి ఫోన్ చేసి సెలవు చెప్పింది. అతను ఫ్యాన్ కట్టేశాడు, షట్టరు దించాడు. స్టేషన్లో ఏదో బండి కదిలి వెళ్లేదాకా ముగ్గురూ ఆగారు. తర్వాత ఆ ఇరుకు గదిలో, చెమటలో, పదహారు స్వరాలు తిరగసాగాయి. దెబ్బ లేదు, వెనక మరో రాగం లేదు. ఒక్క గొంతే. ప్రతి చుట్టులో ఆమె నాబును వెంట్రుకవాసి మార్చేది. వీరబ్రహ్మం వేళ్ల మీద లెక్కపెడుతూ ఉన్నాడు. ఎక్కడో లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టలేదు.

తొమ్మిది నిమిషాల తర్వాత ఆమె చెయ్యి తీసింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచీ విని, తల ఊపింది. అతను షట్టరు ఎత్తాడు. వెలుతురు పడగానే నాబుల చుట్టూ, మెట్ల సందుల్లో, బల్ల అంచున రాలిన ఎర్రటి పొడి కనబడింది. నాబు బిగించడానికి పెట్టె మీదికి వంగాడు. అలవాటు కొద్దీ పెదవులు ముందుకొచ్చాయి.

ఊదబోయి ఆగాడు. తల పక్కకి తిప్పి, ఊపిరి వదిలి, మర బిగించాడు.