తిరిగి రాని మసిగుడ్డలు

మొన్న వరికుంటపాడులో ఒక గృహప్రవేశం. పొద్దున్నే ఆ ఇంటి పెరట్లో షామియానా కింద ఉన్నవి ఇవి: గ్యాస్ పొయ్యిలు మూడు, డేగిసాలు నాలుగు, కాగితపు రుమాళ్ల చుట్టలు ఆరు, నేను ముద్రించి ఇచ్చిన నల్ల ఏప్రాన్లు తొడుక్కున్న క్యాటరింగ్ మనుషులు ఎనిమిది మంది, క్యాటరింగ్ వాళ్ల ఇడ్లీ తనకు పడదని ఓ పక్కన తన పాత్రలో తనే ఇడ్లీ వేసుకుంటున్న ఆ ఇంటి అవ్వ. ఏప్రాన్ల కొలతలు సరిపోయాయో లేదో చూద్దామని వెళ్లిన నేను ఆ సంగతి మరిచి, అవ్వ ఇడ్లీ పళ్లెంలో పరుస్తున్న తడిగుడ్డ వైపు చూస్తూ నిలబడిపోయాను. ఉతికి ఉతికి పలచబడి, తెలుపో పసుపో చెప్పలేని రంగుకు వచ్చిన ఆ గుడ్డ మూలన, రెండంగుళాల మేర, నీలిరంగు గరిటె బొమ్మ ఒకటి ఉంది. ఆ గరిటె నేను గీసిందే.

ఆ బొమ్మ గీసింది పదకొండేళ్ల కిందట. టెక్స్‌టైల్ డిప్లొమా చదివి, తిరుప్పూరులో ఒక మిల్లు లాబులో రెండేళ్లు గుడ్డలు ఉతికి, రుద్ది, ఎండబెట్టి, రిజిస్టర్లు నింపి, ఇక చాలనుకుని ఆత్మకూరు వచ్చేశాను. బస్టాండు రోడ్డులోని మా నాయన బట్టల కొట్టు వెనకగదిలో స్క్రీన్ ప్రింటింగ్ బల్ల ఒకటి వేసుకున్నాను. నాయన వద్దనలేదు, సరే అనీ అనలేదు. ఆ ఎండాకాలం పెళ్లిళ్లు అయ్యేలోపు బల్లకు పని దొరక్కపోతే మళ్లీ తిరుప్పూరు బస్సెక్కాలని మాత్రం అన్నాడు. ఆ వయసులో సొంతంగా ఏదైనా మొదలుపెట్టినవాళ్లకు తెలుసు, అలాంటి గడువు గోడ మీద రాసిపెట్టకపోయినా రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

మొదటి పని నాయన స్నేహితుడే ఇచ్చాడు. ఉదయగిరిలో పెళ్లిళ్లకు బిర్యానీ వండే పెద్ద వంటమేస్త్రి ఆయన. చిన్నప్పటినుంచి నేను ఆయన్ను మామా అనీ, ఆయనతోపాటే పొయ్యి దగ్గర నిలబడి వండే ఆయన భార్యను అత్తా అనీ పిలిచేవాణ్ని. వేడిపాత్రలు పట్టుకోవడానికీ తుడవడానికీ మామ తీసుకెళ్లే మసిగుడ్డలు ప్రతి పెళ్లిలోనూ మాయమయ్యేవట, పెళ్లివారి ఆడవాళ్లో చుట్టపక్కలవాళ్లో తలా ఒకటి సంచిలో వేసుకుని పోయేవారట. "నా పేరు ఇంత లావున కొట్టరా గుడ్డ నడిమధ్యన. తీసకపోయేవాళ్లకి సిగ్గుండాల," అన్నాడు మామ.

నేను ఒక నోటుపుస్తకం కొని శాస్త్రీయంగా దిగాను. ముడతపడదు, కుదించుకుపోదు, త్వరగా ఆరుతుంది, అద్దకం గీత గీసినట్టు పడుతుంది: ఈ నాలుగు కారణాలతో పాలిస్టరు కలిసిన నున్నటి తెల్లగుడ్డ ఎంచుకున్నాను. ప్రింటుకు రబ్బరు రంగు తీసుకున్నాను. బనియన్ల మీద బొమ్మలకు వాడేది, గోటితో గీస్తే చేతికి తగిలే రకం. డేగిసా బొమ్మ, దాని చుట్టూ మామ పేరు, జానెడు వెడల్పు. పదిసార్లు ఉతికాను, తడిగుడ్డతో రుద్దాను, రెండు వారాలు మిద్దె మీద ఎండలో పెట్టాను. రంగు ఇసుమంత కూడా పోలేదు. నలభై ఎనిమిది గుడ్డలు కట్టకట్టి, చేజర్లలో పెళ్లి ఉందంటే మామకు పంపాను.

నలభై ఎనిమిదికి నలభై ఎనిమిదీ తిరిగొచ్చాయి. ఆ మాట నాయనకు చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదైందని ఇప్పటికీ గుర్తు. ఆ సంబరంతోనే ఉదయగిరి వెళితే, మామ ముఖం పక్కకు తిప్పుకున్నాడు గాని అత్త పడీపడీ నవ్వింది.

"రాక ఎక్కడికి పోతాయిరా? ఎవురికి కావాల అవి? నీళ్లు తాగవు, చేతిలో నిలవవు, మూతకి చుడితే టైరు కాలిన వాసన. దొంగలు కూడా వొద్దన్నారు నీ గుడ్డల్ని!"

నవ్వుతూనే కుడి అరచెయ్యి చూపించింది. వేడి డేగిసా అంచుకు నా రబ్బరు బొమ్మ కరిగి, చేతికి అంటుకుని, రూపాయి బిళ్లంత బొబ్బ లేచి ఉంది. మా ఇంట్లో మాంసం వండరు. దమ్ము పెట్టేటప్పుడు ఆవిరి పోకుండా మూత చుట్టూ తడిగుడ్డ బిగిస్తారని, అది గంటసేపు ఆ ఆవిరిలోనే ఉంటుందని నాకు తెలియనే తెలియదు. నా నోటుపుస్తకంలో ఉతుకు ఉంది, రాపిడి ఉంది, ఎండ ఉంది. పొయ్యి ఒక్కటే లేదు.

"చేజర్లకి మా పాత లుంగీ ముక్కలు కూడా పన్నెండు తీసకపోయినా," అంది అత్త. "ఏడు పోయినాయి. గుడ్డంటే అదిరా!"

మామ అప్పుడు నోరు తెరిచి, ఆ ఎండాకాలానికి తను వండే ఆఖరి పెళ్లి ఆత్మకూరులో ఇంకా ఇరవై రోజులు ఉండాదనీ, ఈసారి గుడ్డలు బాగలేకపోతే నెల్లూరులో ఏ తువ్వాళ్లో కొనుక్కుంటాననీ అన్నాడు. అది నా గడువు కూడా అని ఆయనకు తెలియదు.

ఆ రోజంతా వాళ్ల పొయ్యి దగ్గర కూర్చుని, అత్త చేతులు చూడటం తప్ప మరే పనీ చేయలేదు. గుడ్డను నాలుగు మడతలు వేసి నడుమ పట్టుకుంటుంది. మూతకు చుట్టినప్పుడు మూల ఒకటి బయటికి వేలాడుతుంది. అద్దకం ఉండాల్సిన చోటు ఆ మూలే. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో పాత పేజీలు కొట్టేశాను. ఈసారి వదులు నేతతో ఉండే ముతక గాడా గుడ్డ తెచ్చి, నూలుకు పట్టించిన గంజి వదిలేదాకా సోడా నీళ్లలో రెండుసార్లు ఉడకబెట్టి, కుదించుకోవాల్సినంత కుదించుకున్నాక కత్తిరించి అంచులు కుట్టించాను. రంగు నీళ్లతో కలిపే రకం, నూలులోకి ఇంకిపోయేది, ఆరాక వేలితో తడిమితే ఎక్కడుందో తెలియనిది. పసుపు మరకల మీద కనిపించేది నీలమే కాబట్టి ఒకే రంగు, ఒకే స్క్రీను. పేరు బదులు, ఉదయగిరిలో పేరుపడ్డ చెక్క గరిటె బొమ్మ. దాన్ని చూసి మామ గగ్గోలు పెట్టాడు.

"ఇంత చిన్నది గిరాకీకి ఎట్టా కనపడతాదిరా, భూతద్దం కూడా నువ్వే ఇస్తావా?"

"నీ పేరు గుడ్డ మీద ఎందుకు? బిర్యానీలో ఉంటే సాలదా?" అని అత్త అడ్డుపడింది.

ఇచ్చే ముందు ఒట్టి నీళ్ల డేగిసాకు ఆ గుడ్డ చుట్టి గంటసేపు మరిగించాం. మూత తీసి, అత్త ముందు రంగు దిగిందేమోనని నీళ్లను చూసింది, తర్వాత గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె వాసన చూసిన ఆ నాలుగు క్షణాలు నా చదువుకు జరిగిన అసలైన పరీక్ష అనుకుంటాను. గుడ్డ మడిచి భుజాన వేసుకుంది.

ఆత్మకూరు పెళ్లి అయిన మరునాడు మామ మా కొట్టు మెట్ల మీదినుంచే అరిచాడు: "నీ గుడ్డల్ని ఊరంతా దోచుకోని పోయినార్రా! ఇంకో వంద కొట్టు!" నాయన లోపలినుంచి అంతా విన్నాడు. ఆ సాయంత్రం చీరల బీరువా ఒకటి జరిపించి, నా బల్లకు కొట్టు ముందుభాగంలో చోటు చేశాడు. తిరుప్పూరు బస్సు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నా దగ్గర యంత్రాలున్నాయి. ఫోనులో ఫొటో పంపితే ఎన్ని రంగులైనా గుడ్డకెక్కుతాయి, ఏ రంగు దేనికి పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ గిరాకీలు అడిగేది ఏప్రాన్లే. పొయ్యి దగ్గర తుడుచుకోవడానికి కాగితం చుట్టలు వచ్చాయి, వాటిని ఎవరూ ఇంటికి తీసుకుపోరు. అత్త పొయ్యి మానేసి చాలా కాలమైంది గాని, నేను ఉదయగిరి వెళ్లినప్పుడల్లా ఆమె మొదటి ప్రశ్న మాత్రం మారలేదు: "ఈసారి ఎన్ని పోయినాయిరా?" ఒక్కటీ పోలేదని చెప్పడానికి నాకు కొంచెం నామోషీగానే ఉంటుంది.

వరికుంటపాడు అవ్వను ఆ గుడ్డ ఎక్కడిదని అడిగాను. ఎప్పుడో ఆత్మకూరు పెళ్లిలో తెచ్చుకున్నానని జంకు లేకుండా చెప్పింది. "ఇడ్లీ అంటుకోదు నాయనా, మళ్లా ఇట్టాంటిది దొరకలా. ఏం, నీదా? కావాలంటే తీసకపో," అంది.

నాది కాదన్నాను.

ఆ పెళ్లికి ఇచ్చిన గుడ్డలు నలభై ఎనిమిది. తిరిగొచ్చినవి తొమ్మిది.