రూతమ్మ అడిగిన కరెంటు ప్రశ్న

2023 వేసవి. కర్నూలు జిల్లా కోర్టులో నేను స్టెనోగ్రాఫరుగా చేరి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. హాల్లో నా కుర్చీ జడ్జిగారి బల్లకు సరిగ్గా కింద, సాక్షుల బోనుకు పక్కన ఉంటుంది. సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, నేను టైప్ చేస్తాను. అలా తయారయ్యే కాగితాన్ని డిపోజిషన్ అంటారు. సాక్షికి చదివి వినిపించి, కింద సంతకం పెట్టిస్తాం. పై కోర్టుకు వెళ్ళేది ఆ కాగితమే. సాక్షి తడబడ్డ గొంతు, తిప్పుకున్న మొహం ఏవీ దాని వెంట వెళ్ళవు.

ఆ వేసవిలో మా కోర్టుకు రూతమ్మ కేసు విచారణకు వచ్చింది. పత్తికొండ వైపు ఒక పల్లె ఆమెది. మొగుడు జయరాజుతో కలిసి మూడెకరాల్లో బోరు కింద వేరుశనగ పండించుకునేది. ఒక చలికాలం ఉదయం జయరాజు తన చేనులోని మోటారు షెడ్డులో తల పగిలి చనిపోయి ఉన్నాడు. అతను తాగి వచ్చి కొట్టేవాడు కాబట్టి రూతమ్మే పారతో కొట్టి చంపిందని పోలీసుల కథనం. పక్కచేను రైతు వెంకటస్వామి, ఉదయం తొమ్మిది గంటలకు ఆమె షెడ్డులోంచి పరిగెత్తుకుంటూ రావడం కళ్ళారా చూశానన్నాడు. ఆమె చీర మీద రక్తం కూడా దొరికింది. తాను పదకొండున్నరకు సద్ది తీసుకుని వెళ్ళానని, అప్పటికే అతను చనిపోయి ఉన్నాడని ఆమె మొదటినుంచీ చెబుతూ వచ్చింది.

బెయిలు రాలేదు. ఏడాదిన్నరగా కడప మహిళా జైల్లో ఉంది. వాయిదా ఉన్నప్పుడల్లా ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు ఆమెను కర్నూలు తీసుకొచ్చేవారు.

విచారణ మొదలైన రోజు జడ్జిగారు, ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇస్తామని చెప్పారు. రూతమ్మ బోనులో చేతులు కట్టుకుని నిలబడింది.

"వద్దయ్యా. ఇంతకు ముందర ఒకాయన్ని ఇచ్చినారు. నేనొక మాట చెప్పి, ఇది అడగు సార్ అంటే నవ్వినాడు. నా మాట నేనే అడుగుతా."

"ఇది హత్య కేసమ్మా. శిక్ష పడితే జీవితాంతం. చట్టం నీకు తెలియదు కదా?"

"చట్టం తెల్దయ్యా. ఆ దినం ఏం జరిగిందో తెలుసు."

జడ్జిగారు మూడుసార్లు నచ్చజెప్పి చూశారు. ఆమె వినలేదు. చివరికి అదంతా రికార్డు చేయించి, ఒక యువ న్యాయవాదిని అమికస్ క్యూరీగా నియమించారు. అంటే నిందితురాలి లాయరుగా కాదు, కోర్టుకు సాయంగా కూర్చునే లాయరుగా. సాక్షుల్ని ప్రశ్నించే హక్కు మాత్రం ఆమెదే.

ఆ సంగతి బయటికి పాకింది. ఊళ్ళో ఒక యూట్యూబ్ చానల్ నడిపే మనిషి రోజూ వెనక బెంచీలో కూర్చునేవాడు. కోర్టు హాల్లో ఫోను తీయకూడదు కాబట్టి, గేటు బయటికి పోయి ఆ రోజు జరిగింది తన తీరులో చెప్పేవాడు. వేలమంది చూసేవారు. మధ్యాహ్నం భోజనం డబ్బా ముందు పెట్టుకుని ఆ కామెంట్లు నేనూ చదివేదాన్ని. చదవకుండా ఉండాల్సింది, ఉండలేకపోయాను.

"లాయర్ వద్దందంటేనే తెలియడం లేదా?" అని ఒకరు. "మొగుడు పోయిన మనిషి కళ్ళల్లో చుక్క నీరు లేదు" అని ఇంకొకరు. ఒకాయన ఆమె నిలబడే తీరు, చేతులు కట్టుకునే తీరు గురించి చానల్లో విని ఇది హంతకుల లక్షణమని పెద్ద వ్యాసమే రాశాడు. ఆయన కర్నూలు మొహమైనా చూసినవాడు కాదు. నిజం చెప్పాలంటే, మొదటి రెండు వాయిదాల్లో నేనూ అదే అనుకున్నాను. ఇంత మొండిగా ఉందంటే ఏదో ఉందని.

వెంకటస్వామి సాక్ష్యం రోజు హాలు నిండిపోయింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడిగినవాటికి అతను తడుముకోకుండా జవాబిచ్చాడు. తర్వాత రూతమ్మ వంతు వచ్చింది. ఆమె దగ్గర కాగితం లేదు, నోట్సు లేదు.

"వెంకటసామన్నా, ఆ పొద్దు నువ్వు చేన్లో ఏం చేస్తాంటివి?"

"నీళ్ళు కడతాంటి."

"యాడి నీళ్ళు?"

"బోరు నీళ్ళే. మోటారు ఆడతాండె. మడవ తిప్పుతా తలెత్తితే నువ్వు కనపడితివి."

"నీ బోరుకూ మా బోరుకూ ఒగటే ట్రాన్స్‌ఫార్మర్ గదా?"

"ఒగటే."

"నీకు ఆయిల్ ఇంజను ఉండాదా?"

"ల్యా. అదెందుకు?"

"అంతేనయ్యా, నేను అడిగేది అయిపాయ."

వెనక బెంచీల్లో నవ్వులు. ప్రాసిక్యూటర్ కూడా నవ్వు దాచుకోలేదు. హత్య కేసులో కంటితో చూసిన సాక్షిని పట్టుకుని రక్తం గురించి అడగలేదు, పార గురించి అడగలేదు. జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేశారు: ఆ సమయంలో నేను నా పొలానికి నీరు పెడుతున్నాను, నా పొలానికీ ముద్దాయి పొలానికీ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. నేను టైప్ చేశాను. తెలుగులోకి చదివి వినిపిస్తుంటే రూతమ్మ చెయ్యెత్తింది.

"అయ్యా, ఆయన చెప్పింది అది కాదు. 'మోటారు ఆడతాండె' అన్యాడు. ఆ మాట రాపిచ్చండి. ఇంజను లేదన్న మాట గుడక."

"నీరు పెడుతున్నాడని రాశాం కదమ్మా. రెండూ ఒకటే."

"ఒగటి కాదయ్యా. నీళ్ళు వానకూ పారతాయి, కాలవకూ పారతాయి. ఆయనన్న మాట నాకు కావల్ల."

ప్రాసిక్యూటర్ లేచి కాలయాపన అన్నారు. జడ్జిగారు నావైపు చూశారు. "సాక్షి ఏమన్నాడు షమీమ్?"

డిక్టేషన్‌తో పాటు సాక్షి తెలుగు మాటల్ని షార్ట్‌హ్యాండులో గీసిపెట్టుకోవడం నా అలవాటు. పుస్తకం తిప్పి ఉన్నదున్నట్టు చదివాను. "మోటారు ఆడతాండె. మడవ తిప్పుతా తలెత్తితే నువ్వు కనపడితివి." మడవ తిప్పడమంటే కాలవ గట్టు తెంచి నీళ్ళు మరో మడికి మళ్ళించడం. ఇంజను మాట కూడా చదివాను. జడ్జిగారు ఆ మాటల్ని తెలుగులోనే, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టించారు. వెంకటస్వామి సంతకం చేశాడు. దేనికింద చేస్తున్నాడో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

అదే రోజు రూతమ్మ ఒక తెల్లకాగితం అందించింది. ఫలానా తేదీన మా ఊరి లైను కరెంటు పుస్తకం సబ్‌స్టేషన్ నుంచి తెప్పించండి అని గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చింది. ఎందుకని జడ్జిగారు అడిగారు.

"ఇప్పుడే చెప్తే మాట మార్చుకుంటారయ్యా. పుస్తకం వచ్చినాక చెప్తా."

అమికస్‌గా ఉన్న ఆ యువ న్యాయవాది ముందుకు వంగాడు. అప్పటికి అతనికి అర్థమైనట్టుంది. ఆ కాగితాన్నే పద్ధతి ప్రకారం పిటిషన్‌గా రాసి ఇచ్చాడు. ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పినా జడ్జిగారు అనుమతించారు.

ఆ సాయంత్రం నుంచి ఆమె పేరు 'కరెంటమ్మ' అయిపోయింది. బిల్లు కట్టిందో లేదో కనుక్కోండని, జైల్లో ఫ్యాను తిరగడం లేదేమోనని ఒకటే వేళాకోళం. రెండు రోజుల తర్వాత వేళాకోళం నావైపు తిరిగింది. స్టెనో ఆమెకు అందించిందట, లేని మాట డిపోజిషన్‌లో ఇరికించిందట, స్టెనో కూడా వాళ్ళ చర్చి మనిషేనట! మా నాన్న దర్జీ. అయిదు పూటలా నమాజు చేసి పోయిన మనిషి. ఆయన కూతుర్ని ఒక్క కామెంటుతో చర్చిలో కూర్చోబెట్టారు. కడపలో ఉన్న మా చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, నీ పేరు వాట్సాప్‌లో తిరుగుతాండాది. నీకెందుకక్కా ఈ గొడవ? తెల్దనింటే పోయేది గదా!"

"తెలిసినదాన్ని తెల్దని యెట్లంటానే?"

ఎవరో పేరు లేకుండా ఫిర్యాదు కూడా పెట్టారు. నాకు మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ రాసివ్వమని అడిగే కాగితం. మా ఆఫీసు సూపరింటెండెంటు మంచాయనే. పిలిచి కూర్చోబెట్టారు.

"షమీమ్ గారూ, రెండు వారాలు సెలవు పెట్టండి. ఇంకొకరిని వేస్తాం. ఈలోగా జనం మర్చిపోతారు."

"నేను సెలవు పెడితే, వాళ్ళన్నది నిజమని నేనే సంతకం పెట్టినట్టు సార్. నేను రాసింది తప్పయితే ఏ అక్షరం తప్పో చూపించమనండి."

మూడు వాక్యాల సంజాయిషీ రాశాను. సాక్షి అన్నది రాశాను, జడ్జిగారు పెట్టమంటే పెట్టాను, సాక్షి విని సంతకం చేశాడు. దానికి నా షార్ట్‌హ్యాండు పుస్తకాన్ని జత చేశాను. మర్నాడు పది గంటలకు నా కుర్చీలో నేనే కూర్చున్నాను.

సబ్‌స్టేషన్ ఆపరేటర్ వచ్చిన రోజు హాలు మళ్ళీ నిండింది. నడివయసు మనిషి, లాగ్‌బుక్కును న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చాడు. ఏ లైనుకు ఎప్పుడు కరెంటు ఇచ్చారో, ఎప్పుడు తీశారో గంటలు, నిమిషాలతో రాసే పుస్తకం అది. రూతమ్మ అడిగింది.

"సార్, ఆ దినం పొద్దున మా ఊరి లైనుకు ఏం రాసినారో సదవండి."

"ఉదయం ఆరున్నరకు ఎల్.సి. ఇచ్చినాము. పదకొండూ నలభైకి వాపసు తీసుకున్నాము."

"ఎల్.సి. అంటే ఏమి?" అన్నారు జడ్జిగారు.

"లైన్ క్లియర్ సార్. మా వాళ్ళు తీగలు బాగుచేసేదానికి స్తంభాలెక్కుతారు. వాళ్ళు దిగి చెప్పిందాకా మేము కరెంటు ఇయ్యం."

"ఆ మధ్యలో ఒక్క నిమిషమైనా ఇచ్చి ఉండొచ్చా?"

"ఎట్లిస్తాం సార్? మనుషులు పైనుండారు. ఇచ్చింటే సచ్చిపోతారు."

రూతమ్మ జడ్జిగారి వైపు తిరిగింది.

"ఆ పొద్దు స్తంభాల మీద మనుషుల్ని నేను చూసినానయ్యా. పోలీసోళ్ళకు చెప్పినా, రాసుకోలే. లాయరుకు చెప్పినా, నవ్వినాడు. కరెంటు లేనిదే మోటారు ఆడదు. మోటారు ఆడందే మడవ తిప్పే పనిలేదు. ఈయన ఆడ లేడు. వెంకటసామన్న సంపినాడని నేననడంల్యా. ఆడ లేడంటాండా, అంతే."

వెంకటస్వామిని మళ్ళీ పిలిపించారు. రోజు గుర్తు లేదన్నాడు, పక్కరోజేమో అన్నాడు, చివరికి పోలీసులు అడిగితే చెప్పానన్నాడు. దర్యాప్తు అధికారి కరెంటు సంగతి తాను పరిశీలించలేదని ఒప్పుకున్నారు. ఇక మిగిలింది చీర మీది రక్తం. దాని గురించి ప్రాసిక్యూటర్ గట్టిగానే వాదించారు. తన వంతు వచ్చినప్పుడు రూతమ్మ కట్టుకున్న చేతులు మొదటిసారి విప్పింది.

"తాగేవాడయ్యా, కొట్టేవాడు. అబద్ధం చెప్పను. అయినా పడిపోయినోని తల ఒళ్ళో పెట్టుకున్యా. పెట్టుకుంటే రక్తం అంటకుండా ఉంటాదా?"

నెల తర్వాత తీర్పు వచ్చింది. నిర్దోషి. నా సంజాయిషీ మీద కూడా 'తదుపరి చర్య అవసరం లేదు' అని ఒక వాక్యం రాసి ఫైలు మూసేశారు. ఆ రోజు కామెంట్లు కూడా చదివాను. 'కరెంటమ్మ' అన్నవాళ్ళలో కొందరు తమ రాతలు తీసేశారు. చేతులు కట్టుకునే తీరు మీద వ్యాసం రాసినాయన, ఆమెలో ఏదో నిజాయితీ ఉందని తనకు మొదట్లోనే తోచిందని రాశాడు. మరికొందరు జడ్జిని కొనేశారన్నారు. తప్పయిందమ్మా అని మాత్రం ఒక్కరూ అనలేదు.

జైలు కాగితాల పని పూర్తిచేసుకుని, రెండో రోజు తీర్పు నకలు కోసం ఆమె కర్నూలు వచ్చింది. గేటు దగ్గర చానల్ మనిషి మైకు పట్టుకుని ఎదురయ్యాడు. నేను భోజనానికి బయటికి వెళ్తూ ఆగాను.

"రూతమ్మా, లాయరు లేకుండా గెలిచినారు. ఎట్లనిపిస్తాండాది?"

"గెలిచేదేముండాదప్పా? నా మొగుడు సచ్చిపాయ. సంపినోడు యాడుండాడో ఎవురికీ తెల్దు. ఏడాదిన్నర అందరూ నన్నే సూసుకుంటా కూచున్యారు, వాన్ని ఎతికినోడు ఒగడూ ల్యా. నీ ఫోన్లో వేలమంది ఉండారంట గదా? వాడు యాడుండాడని ఇప్పుడు వాళ్ళనడుగు."

అతను మైకు దించలేదు. "జరుగప్పా, పత్తికొండ బస్సు పోతాది" అని ఆమె అతన్ని దాటుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను గుర్తుపట్టిందో లేదో కూడా చెప్పలేను. నేను ఆమెకు సాయం చేశానని జనం అనుకున్నారు గానీ, ఆమె అలా అనుకోలేదు. అన్నమాటను అన్నట్టు రాయడం సాయం కాదు కదా, నా పని.

ఈ కేసు నాకు నేర్పింది మాత్రం గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. ఆ రోజు రూతమ్మ చెయ్యెత్తకపోతే, 'నీరు పెడుతున్నాను' అన్న వాక్యాన్ని నేను తప్పుల్లేకుండా టైప్ చేసి, సంతకం పెట్టించి, ఫైలు కట్టేసేదాన్ని. అంతకుముందు ఎంతమంది మాటల్ని అలా కుదించి, చక్కటి ఇంగ్లీషులో పంపించేశానో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. ఆమె పల్లె నుంచి వచ్చి, జైల్లో ఉండి, మాట పోతోందని పట్టుకుంది. పక్కనే కూర్చున్న నేను పట్టుకోలేదు.

అప్పటినుంచి, డిక్టేషన్‌లో సాక్షి మాట జారిపోతే నేనే లేచి నిలబడుతున్నాను. "సార్, ఆయన అన్నది ఇది" అంటాను. ఒకరిద్దరు జడ్జిలు విసుక్కున్నారు. ఒక సీనియర్ లాయరైతే, స్టెనోలు కూడా వాదించే రోజులొచ్చాయా అన్నారు. అననీ. వాదన ఆయనే చేసుకోవచ్చు. మాట మాత్రం అన్నవాళ్ళదే, అది నా చేతుల మీదుగా మారిపోవడానికి వీల్లేదు.