చందమామ మీది కాలువ, మా వాకిట్లో గంజి

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మాకు మగ్గాలుండేవి. నూలుకు పట్టించే గంజిని వాకిట్లోనే పెద్ద గుండిగలో కాచేవారు. ఆ రోజు పొద్దున పొయ్యికి ఎడంగా కూర్చుని, జగిత్యాలలో పంతులమ్మ చదువు చదువుతున్న పక్కింటి అక్క నాకు పేపర్లో ఒక ఫొటో చూపించింది. చందమామ నేల మీద పాము పాకినట్టు వంకర్లు తిరిగిన కాలువ.

"గది వాగే. నీళ్లు లేకుంటె గన్ని వంకర్లెట్ల వడ్తయి?" అన్నాను. ఆ వయసులో నాకు తెలియని సంగతి లేదు మరి.

కరిగిన రాయి పారిన దారి అది అంది అక్క. మీద చల్లారి పెచ్చు కట్టినా, దాని కింద నిప్పులా పారుతూనే ఉండేదట. తర్వాత ఆ కప్పు కూలి కాలువ బయటపడిందట. పైన గట్టిపడ్డాక లోపల పారడమేమిటని నేను పకపకా నవ్వాను.

అంతలో నాయన పొయ్యి మీంచి దించబోతే గుండిగ ఒరిగింది. గంజంతా వాకిట్లో నీళ్లు పోయే వెడల్పాటి మోరీలోకి దిగి, దాని వంకరల వెంటే మెల్లగా సాగింది. నాయన చేతులు కాలాయని అందరూ ఆయన చుట్టూ మూగారు. కాసేపటికి గంజి మీద మందంగా పొర కట్టింది. ఆవిరి కూడా ఆగింది. మోరీకి అవతల ఆడుకుంటున్న రెండేళ్ల మా తమ్ముడు నన్ను చూసి, చేతులు చాపుకుంటూ ఇటే నడిచాడు.

వాణ్ని ఎత్తుకుందామని ఆ పొర మీద కాలు వేయబోయాను. అక్క నా జడ పట్టి వెనక్కి లాగింది. చేతికందిన నూలు కండెను మోరీలోకి విసిరింది. పొర చిరిగి, బుస్సుమని ఆవిరి లేచింది.

తమ్ముడు ఇంకా వస్తూనే ఉన్నాడు. ఆగమని అరవబోతే అక్క నా నోరు మూసింది.

"పిలువకే. నువ్వు కనవడ్డంతసేపు వాడు ఉరికొస్తడు. గోడెనుక దాగు. నేను సుట్టు తిరిగి పోత."

దాగుడుమూతల్లో నేను కనిపించకపోతే వాడు ఉన్నచోటే నిలబడి దిక్కులు చూస్తాడు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా వాణ్ని అక్కడ వదిలి వెనక్కి తిరగడానికి కాళ్లు రాలేదు. ఎలాగో దాక్కున్నాను. గోడకు చెవి ఆనించి, వాడి ఏడుపు ఎప్పుడు వినపడుతుందోనని వింటూ నిలబడ్డాను. అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

చివరికి అక్క గొంతే వినపడింది. "దొరికిండు, ఇగ రాయే." వాడు ఆమె చంకనెక్కి, నన్ను కనిపెట్టేశానని నవ్వుతున్నాడు.

ఆ తమ్ముడికిప్పుడు కోరుట్లలో మనవలున్నారు. చందమామ కాలువల ఫొటో ఏది దొరికినా ముందు నాకే ఫోన్లో పంపుతాడు. పైకి చల్లారినట్టున్నది గంజైనా, మనిషి కోపమైనా, నేను తొందరపడి అడుగు వేయను. కానీ ఆ ఫొటో తెరిచినప్పుడల్లా, ఆ రోజు రాని ఏడుపు కోసం నా చెవులు ఇప్పటికీ గోడకే ఆని ఉంటాయి.