అడవి రామదాసును చూడబోయి ఎలకల మందు ఏరాను

పోయిన నెల అమలాపురం వెళ్తూ కొత్తపేట దగ్గర బస్సు కిటికీలోంచి ఒక తెల్లటి పిట్టను చూశాను. కాకికన్నా చిన్నది, వరిచేను పైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడిపోయింది. ఇంటికొచ్చి వాకబు చేస్తే దాని పేరు అడవి రామదాసు అన్నారు. ఉండేది పొలాల్లో, తినేది ఎలకల్ని. మరి అడవేమిటో, రామదాసెవరో నాకు ఇప్పటికీ బోధపడలేదు. దగ్గరగా చూస్తే తప్ప మనసు ఊరుకోదనిపించి మొన్న ఆదివారం మళ్లీ బయల్దేరాను.

రాజమండ్రిలో ఐదింటి బస్సెక్కితే ఆరున్నరకి కొత్తపేటలో దిగాను. అక్కణ్నుంచి పొలాలకు ఆటో నూట ఇరవై. "తెల్ల గద్దాండీ? వెంకట్రాజుగారి చేలో ఉంటాదండి. దానికోసమే ఆయన కర్రలు పాతేరు," అన్నాడు డ్రైవరు.

నిజమే. కంకులు రాబోతూ పొట్ట మీదున్న వరిచేలో నాలుగుచోట్ల అడ్డకర్ర కట్టిన వెదుళ్లున్నాయి, పిట్ట వాలి ఎలకల్ని పట్టాలని. ఒకదాని మీద అది కూర్చునే ఉంది. ఎర్రటి కళ్లు, భుజాల మీద నల్లమచ్చలు, తోక పైకీ కిందికీ ఆడిస్తోంది. కాసేపటికి గాలిలోకి లేచి నిలబడింది, కాళ్లు వేలాడేసుకుని దిగింది, ఎలకతో లేచి గట్టు చివర తుమ్మచెట్టు మీద గూటికి పోయింది. సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టబోయాను. అప్పుడు గట్టు పొడుగునా కాగితం పొట్లాలు కనిపించాయి.

అప్పటికే చేలోకి వచ్చి నా పక్కన నిలబడ్డ వెంకట్రాజుగారిని అవేమిటని అడిగాను.

"మందండి. నూకల్లో కలిపి నిన్న సాయంత్రం పెట్టేం. ఊరంతా ఒకేరోజు పెట్టాలండి, లేపోతే ఎలకలన్నీ పెట్టనోడి చేలోకొచ్చేత్తాయి."

"మందు తిన్న ఎలకను పిట్ట తింటేనో?"

ఆయన చెట్టుకేసి చూశారు. "కర్రలు పాతమని ఒకాయన చెప్పేరు, మందు పెట్టమని ఇంకొకాయన చెప్పేరు. ఇద్దరి మాటా విన్నానండి. గూట్లో రెండు పిల్లలున్నాయండి."

తీసేయమందామంటే, పంట పోతే నేనిస్తానా? చివరికి ఆయనే చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని వంగారు. "ఎలకల్ని పట్టే బుట్టలు పెట్టించుకుంటాన్లెండి. మీరు ఆ గట్టు చూడండి."

తొమ్మిదింటిదాకా ఏరాం. పెట్టినవి పదహారు, దొరికినవి పదిహేను. పక్క చేలల్లోవి మా చేతిలో లేవు.

నా కళ్ల ముందు గూటికి పోయిన ఎలక మందు తిన్నదో తిననిదో తెలియదు. మంచి పని చేశామో, ఆ రైతు నోటి దగ్గర కూడు చెడగొట్టానో అదీ తెలియదు. మీరు వెళ్లాలనుకుంటే ఉదయం తొమ్మిదిలోపు వెళ్లండి, ఊళ్లో మందు పెట్టే రోజెప్పుడో ముందే కనుక్కుని, దానికి ముందే వెళ్లండి. నేను మాత్రం రోజూ పొద్దున్నే రాజుగారికి ఫోను చేస్తున్నాను. "ఆయ్, కర్ర మీదే ఉందండి," అంటారు. పదహారో పొట్లం సంగతి ఇద్దరం ఎత్తం.