అండాలక్క చదివిన దెయ్యం కథ

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేనకోడలు జపాన్ బొమ్మల కథల మాంగా పుస్తకం ఒకటి కొని, బస్సులోనే దాని ప్లాస్టిక్ తొడుగు చించింది. ముతక కాగితం వాసన, ఆరీ ఆరనట్టుండే నల్లసిరా వాసన గుప్పున ముక్కుకు తగిలాయి. ఆ పిల్ల వెనక అట్ట వైపు నుంచి పుస్తకం తెరిచి చదువుకుంటోంది. కిటికీలోంచి కొత్తపేట దుకాణాల వైపు చూస్తూ కూర్చున్నానే గాని, నా మనసు అండాలక్క ఇంటి వరండాలోకి వెళ్లిపోయింది. అండాలక్క ఇప్పుడు లేదు. కథ ఎలా చెప్పాలో నాకు నేర్పిన మనిషి ఆమే.

ఎనభైల్లో మేం గుంటూరు వైపు నుంచి వచ్చి, కొత్తపేటలో అండాలక్క వాళ్లింట్లో ఒక పోర్షన్‌లో అద్దెకు దిగాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ద్రాక్షతోటలు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉండేవి. ఒక్కో తోటలో తీగలు పీకేసి, హద్దురాళ్లు పాతి, కాలనీ పేరుతో బోర్డు పెట్టేవారు. అండాలక్కది పోచంపల్లి పక్కన నేతవాళ్ల ఊరు. ఆమె భర్తకు చీరల దుకాణం ఉండేది. ఆమెకు అప్పటికి పాతికేళ్లుంటాయేమో, నేను ఆరో తరగతి.

నాన్న పనిచేసే ఫ్యాక్టరీ ఆయన్ని శిక్షణకు జపాన్ పంపింది. తిరిగొస్తూ నాకోసం మూడు లావుపాటి బొమ్మల కథల పుస్తకాలు తెచ్చారు. ఒకే కథ, మొదటి మూడు భాగాలు. "భాష రాకపోతే ఏం, బొమ్మలు చూసుకోవచ్చు కదమ్మా" అన్నారు. బొమ్మలు చూసినా ఏమీ అంతుపట్టలేదు. మాయమైపోయిన దెయ్యం పది పేజీల తర్వాత పుట్టుకొస్తోంది. నేను వరండాలో పుస్తకం అటూ ఇటూ తిప్పుతుంటే అండాలక్క మామగారు చూశారు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. "గిది ఉల్టా కితాబు బిడ్డా. కుడిదిక్కు నుంచి తెరువు, మా ఉర్దూ లెక్క" అన్నారు. అలా తెరవగానే కథ దారిలో పడింది.

ఆనాటి నుంచి ఆ పుస్తకాలు అండాలక్క సొంతమైపోయాయి. మధ్యాహ్నం పనులు ముగించి, కాలనీ పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని చదివేది. జపాన్ అక్షరం ఒక్కటి రాదు. కథలో ఒక పిల్లవాడి వెంట తడిజుట్టుతో ఒక ఆడపిల్ల దెయ్యం తిరుగుతుంటుంది. వాడికి తప్ప ఎవరికీ కనబడదు. అండాలక్క బొమ్మ మీద వేలు పెట్టి ఇద్దరి మాటలూ తనే పలికేది. "ఏంరా, బడి ఎప్పుడో ఇడిశిపెట్టిన్రు, గింతసేపు ఏడ తిరిగినవ్?" అని దెయ్యం వాణ్ణి కోప్పడితే మేం పడీపడీ నవ్వేవాళ్లం. "అది దెయ్యం కదక్కా, వాణ్ణి తినెయ్యదా?" అని ఒకసారి అడిగాను. ఆమె పేజీ మీంచి కళ్లు తిప్పలేదు. "దెయ్యమైతే ఏంది? ఇంటికి తొవ్వ దొరకక తిరుగుతున్నది. ఎవ్వరన్న పేరు పెట్టి పిలిస్తే ఒస్తది" అంది. ఆ దెయ్యానికి సుశీల అని పేరు కూడా పెట్టింది.

ఎండాకాలంలో ఒక రోజు ఊరి నుంచి అండాలక్క తల్లి నర్సమ్మ వచ్చింది. వరండాలో ఓ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మేం మూడో పుస్తకం చివరికొచ్చాం. తల్లి అక్కడున్న సంగతి అండాలక్క మరిచిపోయిందో, కావాలనే చదివిందో నాకిప్పటికీ తెలియదు. "అప్పుడు సుశీల ఏమన్నదంటే" అనగానే నర్సమ్మ చేతులు ఆగిపోయాయి. విమానం నడపడం నేర్పే నాదర్‌గుల్ మైదానం వైపు నుంచి చిన్న విమానమొకటి మా మీదుగా పోయింది; రోజూ తలెత్తి చూసే మేం ఆ రోజు ఎవరం చూడలేదు. అండాలక్క చదవడం ఆపలేదు. చివరి బొమ్మలో ఆ పిల్ల ఒక ఇంటి ముందు నిలబడి, తలుపు తట్టబోతూ చెయ్యెత్తి ఉంది. అంతే, పుస్తకం అయిపోయింది.

"తలుపు తీసిన్రా?" అని నర్సమ్మ అడిగింది.

"తెల్వదే అమ్మా. నాలుగో పుస్తకంల ఉంటది."

"తడిబట్టలతోని నిలబడ్డది గద పోరి. జల్ది తెప్పియ్యి."

ఆ సాయంత్రం అమ్మ నాకు సంగతి చెప్పింది. సుశీల అండాలక్క చెల్లెలు. చిన్నప్పుడే ఊళ్లో బావిలో పడి చనిపోయింది. నర్సమ్మ ఆ పిల్ల బట్టలన్నీ పంచేసి, ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తకూడదని అందరిచేతా ఒట్టు వేయించిందట.

ఆ తర్వాత నర్సమ్మ ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పకముందే "ఆ బుక్కు ఒచ్చిందా?" అని అడిగేది. నాన్న జపాన్‌లో తనతో పనిచేసినతనికి రాశారు, జవాబు రాలేదు. అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల మధ్య కూడా వెతికారు. "నువ్వే ఏదో ఒకటి చెప్పెయ్యక్కా" అన్నాను నేను. అండాలక్క తల అడ్డంగా ఊపింది. "మీకైతే ఎట్లనన్న చెప్త. గిది మా అమ్మకు. రేపు బుక్కు ఒచ్చినంక అండ్ల తలుపు తెరువకుంటే? అమ్మ మల్లొక్కసారి ఏడుస్తది."

ఆ చలికాలంలో నర్సమ్మకు జబ్బు చేసింది. మలక్‌పేట దవాఖానాలో చేర్చారు. నేను అమ్మతో చూడ్డానికి వెళ్లినప్పుడు నర్సమ్మ నన్ను గుర్తుపట్టి, బుక్కు సంగతే అడిగింది. "ఒస్తదమ్మా, తొవ్వల ఉన్నది" అని అండాలక్క ఆమె పాదాలు ఒత్తుతూ చెప్పింది. ఆ వారంలోనే నర్సమ్మ పోయింది.

చాలా ఏళ్ల తర్వాత, అండాలక్క వాళ్లు హయత్‌నగర్ మారాక, నేను చూడబోయాను. టీ కప్పు చేతికిచ్చి, అప్పటిదాకా ఎన్నడూ ఎత్తని ఆ నాలుగో పుస్తకం మాట తనే ఎత్తింది.

"మూడు పుస్తకాలు నా నోటితోనే అల్లిన. నాలుగోదానికి ఎవన్ని అడగాలె నేను? తలుపు తెరిచిన్రు, వాళ్లమ్మ తువ్వాలు పట్టుకొని నిలబడి ఉన్నది, తల తుడిచింది అని ఒక్క ముక్క చెప్తే అయిపోతుండె. మా అమ్మ నిమ్మలంగ పోతుండె."

"ఇప్పుడు చెప్పక్కా, నేను వింటాను" అన్నాను.

"నీకెందుకు తల్లీ" అంది. "అడిగిన మనిషి పాయె."

నేను ఒక చిన్న బడిలో తెలుగు చెప్తాను. పాఠం మధ్యలో ఆపి కథలోకి వెళ్లిపోవడం నాకు అలవాటు. "తర్వాత ఏమైంది టీచర్?" అని ఎవరైనా అడిగాక, రేపు చెప్తానని మాత్రం అనలేను. గంట కొట్టినా చెప్పేస్తాను. నాకే తెలియకపోతే అక్కడికక్కడే అల్లి చెప్తాను. పిల్లలు లెక్కల పుస్తకాలు చేతిలో పట్టుకునే వింటారు. తర్వాతి పీరియడ్ లెక్కల మాస్టారు బయట నిలబడి విసుక్కుంటారు. విసుక్కోనీ.