ఎర్రచీర ఆరేసిన రోజు

ఏరవతలి గుడిసెల్లో ఫోను పలకదు. అందుకని ఆస్పత్రి నర్సమ్మే ఓ పద్ధతి పెట్టింది. అవతలి ఒడ్డున గెడకు తెల్లగుడ్డ కడితే అంతా క్షేమం. ఎర్రగుడ్డ కడితే ఇవతల ఆస్పత్రిలోని డాక్టరు పడవెక్కి రావాలి. "లేవలేని మనిషుంటేనే ఎరుపు. తలనొప్పికీ తగాదాకీ కట్టారో, ఊరుకోను!" అని వేలు చూపించి మరీ చెప్పింది.

ఆ పొద్దున పడవ దిగుతూ కాలుజారి నీళ్లలో కూలబడింది. తడిసిన చీర విప్పి, ఓ ఇంటి అత్తగారిచ్చిన పొట్టిచీర చుట్టుకుని, నెలలు నిండుతున్న ఆవిడ కోడలికి బీపీ చూసింది. కాస్త ఎక్కువే. పాదాలూ ఉబ్బాయి.

"ఆస్పత్రికి పోదాం రావే తల్లీ."

"అమ్మో, పడవా? నీళ్లు చూస్తేనే కళ్లు తిరుగుతాయక్కా."

"కాళ్లు ఎవరికి ఉబ్బవూ? మావాడు కడుపులో ఉన్నప్పుడు నావి రోకళ్లే!" అంది అత్త.

డాక్టరు చెబితే వింటారు. కానీ కోడలుపిల్ల చకచకా తిరుగుతోంది. ఉత్తపుణ్యానికి పిలిస్తే రేపు నిజం ఎరుపుకీ ఆయన కదలడు. ఎటూ తేల్చుకోలేక, నర్సమ్మ అరుగుమీద గోడకు చేరగిలబడింది. పొగమంచు విడుతోంది. నీళ్ల చప్పుడు దూరమై, దగ్గరై, ఆవిడ కళ్లలోకి వచ్చేసింది. కలలో ఏటిని కుచ్చిళ్లలా మడిచి బొడ్డులో దోపుకుంది. గుడిసెలూ ఆస్పత్రీ పక్కపక్కకి వచ్చాయి. కోడలుపిల్ల ఒక్క అడుగులో దాటేసింది.

"ఎవరికి? ఎక్కడ?"

కళ్లు తెరిస్తే ఎదురుగా డాక్టరు, చెప్పులు చేతబట్టుకుని రొప్పుతూ. వెనక స్ట్రెచరుతో పడవవాడు. గెడమీద తన ఎర్రచీర రెపరెపలాడుతోంది.

"గాలి బాగా తగుల్తుందని నేనే ఆరేశా" అంది అత్త నిమ్మళంగా.

డాక్టరు నర్సమ్మ పొట్టిచీర వంక చూశాడు. "లేవలేని మనిషి మీరేనన్నమాట!"

సిగ్గుతో చచ్చిపోతూనే నర్సమ్మ కోడల్ని ముందుకు తోసింది. ఆయన బీపీ మళ్లీ చూసి, "తలనొప్పేమైనా ఉందామ్మా?" అన్నాడు.

పిల్ల బెదురుగా నర్సమ్మ వైపు చూసింది. "నిన్నట్నుంచీ పగిలిపోతోందండి. తలనొప్పికి పిలవొద్దంది కదా అక్క..."

నర్సమ్మ గెడమీది చీర లాగి పిల్ల తలచుట్టూ కప్పింది. "నీళ్లకేసి చూడకు. నా మొహం చూడు, చాలు."

పడవలో చోటు చాలక అత్త ఒడ్డునే ఉండిపోయింది.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు తన తెల్లకోటు కోసం గదులన్నీ వెతికాడు. అది ఇవతలి ఒడ్డున, నర్సమ్మ పాతిన ఓ కర్రకి, రెండు చేతులూ చాపి ఊగుతోంది. అవతల మంచులో ఎవరో కొంగు ఊపుతున్నారు, ఆపకుండా.