రాళ్ళ చప్పుడు వెనక

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే నాకు ముందు చిరాకే వస్తుంది. బండి చక్రం పైన, లోపలివైపు, వంపు తిరిగిన నల్లటి డొప్ప ఒకటి ఉంటుంది కదా, అది తయారు చేస్తానంటాను. "ఓ, మడ్‌గార్డా?" అంటారు. కాదు మహాప్రభో! మడ్‌గార్డు బయటికి కనబడేది. నాది లోపల దాక్కుని ఉండేది. చక్రం ఎగజిమ్మే బురదా, నీళ్ళూ, రాళ్ళూ బండి రేకుకు తగలకుండా కాచేది, ఆ మోత లోపలికి రాకుండా అడ్డుకునేది. దాని పేరు లైనరు. మదనపల్లెలో నా షెడ్డుకొచ్చే డ్రైవర్లకు ఆ పేరూ అక్కరలేదు. "డొప్ప మార్చు మ్మా" అంటారు, అంతే. బాగున్నంతకాలం దాని ముఖం చూసేవాళ్ళు లేరు. ఊడొచ్చి టైరుకు రాసుకున్నప్పుడు మాత్రం దాన్ని చేసినవాళ్ళను తిట్టకుండా వదలరు.

షెడ్డు పెట్టకముందు నగరంలో ఒక పెద్ద కంపెనీలో ఇవే లైనర్లను కంప్యూటర్లో గీసేదాన్ని. అక్కడ పని బాగానే నేర్చుకున్నాను గానీ నోరు కట్టేసుకోవడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఫోనులో ఇంటివాళ్ళతో "ఆయన ఈడనే ఉండాడు" అన్నానంటే పక్క టేబుల్ వాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మండినా ఏం లాభం, కొన్నాళ్ళకు నా నోటికి 'ఉన్నాడు' అలవాటైపోయింది. సొంత ఊరికి తిరిగొచ్చి, ప్లాస్టిక్ షీటును వేడి చేసి అచ్చు మీదికి లాగే మిషను ఒకటి పెట్టుకున్నాక కూడా ఆ పాత మాట నా నోట్లోకి తిరిగి రాలేదు.

మా అక్క నర్సు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి కుప్పంలోని పసిపిల్లల ఆసుపత్రికి తీసుకుపోయే వ్యానులో ఆమె డ్యూటీ. ఒకరోజు యూనిఫాం కూడా మార్చుకోకుండా నేరుగా షెడ్డుకొచ్చి, ఇచ్చిన కాఫీ పక్కన పెట్టేసి నా మీద పడింది.

"ఏమే, ఊళ్ళో బండ్లన్నిటికీ డొప్పలు చేస్తాండావే, మా బండి గతి ఎప్పుడన్నా సూసినావా? రాళ్ళ మోతకు నాకు బిడ్డ గుండె ఇనపడేది లేదు!"

"ఇనపడకపోతే బండి ఆపి విను" అన్నాను. నేనేం తక్కువ తిన్నానా?

"ఆపే వింటాండాను. ఏనుగులు తిరిగే అడవిలో యాడ ఆపేది? నువ్వొచ్చి ఆపు, సూస్తా."

మరుసటి ట్రిప్పుకు నేనూ బండెక్కాను.

పుంగనూరులో ఎక్కించుకున్న బిడ్డ అరచేతిలో ఇమిడేంత ఉన్నాడు. అద్దాల పెట్టెలో, ఇంత చిన్న టోపీ పెట్టుకుని. బిడ్డ తల్లి ఇంకా లేవలేని స్థితిలో ఉందని అవ్వ వెంట వచ్చింది. వెనక చక్రం పైన రేకు లోపలికి ఉబ్బి ఉంటుంది కదా, సరిగ్గా దాని పక్కనే ఆ పెట్టెను బిగించారు. బండి తారు దిగి కంకర మీదికొచ్చిందో లేదో, ఇక చూడండి. రేకు మీద ఎవరో దోసిళ్ళతో రాళ్ళు విసిరినట్టే మోత. బిడ్డ కాలికి కట్టిన యంత్రం గుండె కొట్టుకునే అంకెలు చూపిస్తుంది గానీ, బండి ఎగిరినప్పుడల్లా ఆ అంకెలూ ఎగురుతాయి. అప్పుడు నర్సుకు చెవి ఒక్కటే దిక్కు.

అవ్వ కాసేపు ఓర్చుకుంది. తర్వాత అక్క చెయ్యి పట్టుకుని అడిగింది. "ఉండాడా తల్లీ?"

అక్క డ్రైవరు వెనక రేకు మీద దబదబా కొట్టింది. బండి ఆగింది. ఇంజను ఆపేశారు. అక్క పెట్టెలోకి చెయ్యి దూర్చి, స్టెతస్కోపు పెట్టి, కళ్ళు మూసుకుని వింది. "ఉండాడమ్మా" అన్నాక మళ్ళీ బండి కదిలింది. దారి పొడవునా ఇదే వరస. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే బండి ఆగాల్సిందే. ఆగిన ప్రతిసారీ ఆసుపత్రికి చేరడం అంత ఆలస్యం.

పలమనేరు దాటి అడవి దగ్గరికి వచ్చాం. అక్కడ డ్రైవరు బండి ఆపడు, ఎవరు చెప్పినా ఆపడు. పుంగనూరు మనిషి, ఇంట్లో ఉర్దూ, బయట మన తెలుగు, అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. ఆ అడవిలో మాత్రం పెదవి కదపడు. అవ్వ మళ్ళీ అడిగింది, "ఉండాడా తల్లీ?" అని. అక్క స్టెతస్కోపు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. రాళ్ళ మోత తప్ప ఏమీ వినబడలేదు. అవ్వ అక్క మొహం వంక చూస్తూ కూర్చుంది. అడవి దాటేదాకా ఆ ముగ్గురినీ చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. బిడ్డ బతికాడు. కానీ ఆ దారి నన్ను వదల్లేదు.

పని మొదలుపెట్టాను. రాళ్ళు ఎక్కడ తగులుతున్నాయో ముందు తెలియాలి కదా. కంపెనీలో అయితే దానికి పెద్ద పెద్ద లెక్కలుంటాయి. నేను చక్రం పైన లోపలంతా గోడలకు కొట్టే సున్నం దట్టంగా పూశాను. బిడ్డలెవరూ లేని ఖాళీ బండిని పుంగనూరు చుట్టుపక్కల కంకర దారుల్లో తిప్పుకు రమ్మన్నాను. చక్రం ఊడదీసి లోపలికి తల పెట్టి చూద్దును కదా, అబ్బ! సున్నం అంతటా రాలలేదు. వెనక నుంచి పైకి లేచి ముందుకు వంగే ఒక దారి, ఆ దారిలోనే వేల వేల నల్ల చుక్కలు. చక్రం తిరిగే తీరంతా అక్కడ రాసిపెట్టినట్టుంది. ఎన్నో ఏళ్ళు ఈ వంపును గీసినదాన్ని, దాన్ని కళ్ళారా చూడటం అదే మొదలు. మెడ నొప్పి పుట్టేదాకా అట్లాగే ఉండిపోయాను.

"ఏంది మ్మా, లోపల సినిమా ఏమన్నా ఆడతాండాదా?" అన్నాడు డ్రైవరన్న.

రాళ్ళ మోత తగ్గాలంటే మెత్తటిది కావాలి. లైనరుకు చక్రం వైపంతా దుప్పటిలాంటి ఫెల్టు పరిచాను. బిగించడానికి పైమూలన ఒక చిన్న అరుగులాంటి అంచు పెట్టాను. మొదటి ట్రిప్పుల్లో మోత బాగా తగ్గింది. అక్క ఫోను చేసి, "పర్వాలేదే, నీకు పని వచ్చు" అంది. ఆమె నోట అది పెద్ద బిరుదు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

ఆ తర్వాత మోత తిరిగొచ్చింది. దానితోపాటు పులిసిన కంపు. ఇంజనులో వేరే మరమ్మతు ఉండి బండి కొన్నాళ్ళు షెడ్డులోనే నిలబడిపోయింది. మరమ్మతు అయ్యాక చక్రం ఊడదీశాం. నేను పెట్టిన ఆ అరుగు మీద ఎర్రమట్టి దట్టంగా కూరుకుపోయి ఉంది. ఆ మట్టిలోంచి, చీకట్లోంచి వెలుతురు వైపు మెడలు సాచి, సన్నగా, తెల్లగా, ఆకుల కొసలు మాత్రం పచ్చగా, మొక్కలు!

"యా అల్లా!" అన్నాడు డ్రైవరన్న. వంగి ఒక ఆకు నలిపి వాసన చూశాడు. "టమోటా నారు మ్మా ఇది!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మదనపల్లెలో పుట్టి పెరిగినదాన్ని. మార్కెట్టు చుట్టూ రోడ్డంతా టమోటా గుజ్జే అని నాకు తెలియనిదా? ఏ బండి చక్రం దాన్ని తొక్కకుండా ఊరు దాటుతుంది? బురదను లెక్కేశాను, రాళ్ళను లెక్కేశాను, టమోటాను మరిచిపోయాను. గుజ్జును ఫెల్టు తాగేసింది. దాని మీద ఎర్రమట్టి పట్టి, ఎండి, ఇటుకలా గట్టిపడింది. ఆ ఇటుక మీద రాయి పడితే మోగక ఏం చేస్తుంది?

"ఊరికి తగిన ఇంజనీరమ్మవు! డొప్పలో సేద్యం చేస్తాండావు" అని అక్క ఫోనులో ఒకటే నవ్వు. నేను ఫోను పెట్టేశాను.

కానీ నిజం చెబుతున్నాను, ఆ మొక్కలను చూసి నాకు ఒళ్ళు జలదరించింది. చక్రం కింద నలిగి, గాలిలోకి ఎగిరి, రాళ్ళ దెబ్బలు తింటూ కుప్పానికీ మదనపల్లెకూ ఎన్నిసార్లు తిరిగిందో ఆ గింజ. కాస్త మట్టి, కాస్త తడి దొరికితే చాలనుకుని లేచి నిలబడింది. డ్రైవరన్న వాటిని పీకి పారేయడానికి ఒప్పుకోలేదు. వేళ్ళు తెగకుండా తీసి, పాత ఆయిలు డబ్బాలో మట్టి నింపి నాటుకుని ఇంటికి పట్టుకుపోయాడు.

అవి మొలిచిన చోటే నాకు దారి చూపింది. తడి ఎక్కడ ఆగుతుందో, మట్టి ఎక్కడ కూర్చుంటుందో ఎదురుగా కనబడుతోంది. ఆ అరుగును తీసేసి, ఏదీ నిలవకుండా జారుగా వంపు పెట్టాను. కింద నీళ్ళు కారిపోవడానికి సందు వదిలాను. సున్నం రాలిన దారిలో మాత్రం, మట్టి పట్టుకోకుండా పైన నున్నగా అదిమిన గట్టి ఫెల్టు వేశాను. మిగతాదంతా ప్లాస్టిక్కే. మెత్తటి ఫెల్టును లైనరు వెనకకు, దానికీ రేకుకూ మధ్యకు, తడి తగలకుండా కవరు చుట్టి పంపాను. లైనరు రేకుకు ఎక్కడా నేరుగా ఆనకుండా రబ్బరు బిళ్ళలు పెట్టాను. ఎన్ని అచ్చులు పాడయ్యాయో, ఎవరెవరి మీద అరిచానో అడగొద్దు.

కొత్త డొప్పలతో బండి వెళ్ళిన రోజు వాన పడి వెలిసింది. నేనూ ఎక్కాను. ఈసారి బిడ్డది పెద్దమండ్యం వైపు పల్లె. మదనపల్లెలో పుట్టాడు. వెంట అవ్వే వచ్చింది, మొదటి అవ్వలాగే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. మార్కెట్టు దగ్గర టమోటా గుజ్జు, పుంగనూరు దాటాక కంకర, ఆపైన ఎర్ర బురద, అన్నీ చక్రం కింద పడ్డాయి. లోపలికి ఎక్కడో దూరంగా బియ్యం చెరుగుతున్నంత చప్పుడే వస్తోంది. నేను నమ్మలేదు. నా డొప్ప మీద నాకే నమ్మకం లేదు. ఆ అడవి వచ్చేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

అడవిలోకి వచ్చాం. డ్రైవరన్న మాటలు ఆగిపోయాయి. సరిగ్గా అక్కడే బండి ఒక గుంతలో పడి లేచింది. బిడ్డ యంత్రం మీద అంకెలు చెదిరి, తెర మీద గీతలు మిగిలాయి. అవ్వ ఉలిక్కిపడి అడిగింది.

"ఉండాడా తల్లీ?"

అక్క పెట్టెలోకి చెయ్యి దూర్చి స్టెతస్కోపు పెట్టింది. రెండో చెయ్యి అలవాటుగా డ్రైవరు వెనక రేకు మీద కొట్టడానికి లేచింది. లేచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కింద రాళ్ళు తగులుతూనే ఉన్నాయి, బండి పోతూనే ఉంది. అక్క కళ్ళు మూసుకుంది.

అక్క కళ్ళు తెరిచి, స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి నా చెవుల్లో పెట్టింది.

దేవుడా! కుట్టుమిషను తొక్కినట్టు గబగబా గబగబా కొట్టుకుంటోంది. నా బొటనవేలంత ఉంటుందేమో ఆ గుండె. రాళ్ళన్నిటి వెనక, చక్రాలన్నిటి వెనక, ఎవరినీ లెక్కచేయకుండా తన పని తాను చేసుకుపోతోంది. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. అవ్వ నా మొహం చూసి భయపడిపోయింది. అక్క నా చెవుల్లోంచి వాటిని లాగి అవ్వకు పెట్టింది. అవ్వ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు వదిలేసింది.

డ్రైవరన్నకు వెనక ఏం జరుగుతోందో తెలియదు. రేకు మీద చప్పుడు రాలేదు, ఎవరూ మాట్లాడటం లేదు. ఆ అడవిలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి, మధ్యలోని చిన్న కిటికీ తోసి, తల తిప్పకుండానే అడిగాడు.

"ఏం మ్మా? ఆపాల్నా? బిడ్డ..."

"ఆపొద్దన్నా, పోనీ" అన్నాను. "ఉండాడు!"